కొండ మీది వ్యూ పాయింట్లకి ఒక రోజు ట్రిప్: చిన్న గ్రూపు టూరా, పెద్ద బస్సా, కారా?

కొండల మీద వ్యూ పాయింట్లు చూడాలి, సాయంత్రానికి బసకి తిరిగి వచ్చేయాలి, చేతిలో ఉన్నది ఒక్క రోజు. బుకింగ్ సైట్ తెరిస్తే చిన్న గ్రూపు గైడెడ్ టూర్ ఒకటి, అంతకంటే చాలా చవగ్గా పెద్ద బస్సు టూర్ ఇంకొకటి, డ్రైవర్‌తో ప్రైవేట్ కారు, అద్దె కారు, కొన్నిచోట్ల కేబుల్ కార్ కూడా. అన్నిటి కిందా అదే లోయ ఫొటో, దాదాపు అవే రేటింగులు. చాలామంది ఇక్కడే ఎటూ తేల్చుకోలేక చివరికి ధర చూసి ఏదో ఒకటి నొక్కేస్తారు.

ధర దగ్గరికి వెళ్లేముందు ఒక ప్రశ్న వేసుకోమంటాను. వ్యూ పాయింట్ దగ్గర ఎంతసేపు ఉండాలి, ఏది ముందు చూడాలి, ఏది వదిలేయాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? మ్యూజియంకి ఏ టైంకి వెళ్లినా లోపల వస్తువులు అలాగే ఉంటాయి. కొండ మీద దృశ్యం అలా కాదు. పదింటికి కనిపించిన శిఖరం పదిన్నరకి మబ్బులోకి వెళ్లిపోతుంది, ఇంకో పావుగంట ఆగితే మళ్లీ బయటపడొచ్చు. ఆ పావుగంట ఆగే వీలు మీకుందా లేదా అన్నదాని మీదే రోజంతా ఆధారపడి ఉంటుంది. కింది పోలిక అంతా ఈ కోణంలోంచే చేశాను.

ముందు మబ్బు, వెలుగు సంగతి

ఎండ ఎక్కేకొద్దీ కొండవాలు వేడెక్కుతుంది, దాంతో లోయలోని తేమగాలి వాలు వెంబడి పైకి లేస్తుంది, పైకి వెళ్లాక చల్లబడి మబ్బు కడుతుంది. అందుకే చాలా కొండల్లో, ముఖ్యంగా వెచ్చగా తేమగా ఉండే నెలల్లో, పొద్దున తేటగా ఉన్న శిఖరం మధ్యాహ్నానికి కనపడకుండా పోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగేది కూడా ఉంది. రాత్రిపూట చల్లగాలి లోయలోకి దిగి అక్కడ పొగమంచు పేరుకుంటుంది, కింద మీ బస చుట్టూ పది అడుగుల దూరం కూడా కనపడదు, కానీ ఆ పొగమంచు దాటి పైకి వెళ్తే ఆకాశం శుభ్రంగా ఉండి కింద లోయంతా పాలసముద్రంలా కనిపిస్తుంది. కాబట్టి పొద్దున్నే కిటికీలోంచి చూసి ట్రిప్ మానుకోవద్దు, పైన వెబ్ కెమెరా ఉంటే అందులో చూసి నిర్ణయించుకోండి. వాన కురిసి వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము తగ్గి చాలా దూరం కనిపిస్తుంది, తేదీ మార్చుకునే వీలుంటే ఆ రోజుని వదలొద్దు.

దీన్నిబట్టి మంచి షెడ్యూల్ అంటే మామూలుగా అన్నిటికంటే ఎత్తైన పాయింట్ పొద్దున్నే, తక్కువ ఎత్తువి తర్వాత. ఇంకో సంగతి దిక్కు. పడమర వైపు చూసే పాయింట్ ఉదయం బాగుంటుంది, ఎందుకంటే సూర్యుడు మన వీపు వెనక ఉండి ఎదుటి కొండల మీద వెలుగు పడుతుంది. తూర్పు వైపు చూసేది ఉదయం ఎదురెండలో మసగ్గా ఉంటుంది, సూర్యోదయం కోసం తప్ప మధ్యాహ్నం దాటాక వెళ్లడమే మేలు. టూర్ పేజీలో ఉన్న పాయింట్ల పేర్లు మ్యాప్‌లో కొట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఆ షెడ్యూల్ వేసినవాళ్లు వెలుగు గురించి ఆలోచించారా, లేక రోడ్డు మీద ఏది ముందొస్తే అది రాశారా అని.

ఎత్తు ఎక్కువైతే దృశ్యం అంత గొప్పగా ఉంటుందన్న లెక్కతో మాత్రం ఎంచుకోకండి. సముద్రమో మైదానమో ఎదురుగా ఉందనుకుంటే 1000 మీటర్ల ఎత్తు నుంచి లెక్క ప్రకారం 113 కిలోమీటర్ల దూరం దాకా కనిపించాలి, 2000 మీటర్ల నుంచి 160. ఎత్తు రెట్టింపైనా దూరం రెట్టింపు కాలేదు, పైగా అంత దూరం కనిపించేంత శుభ్రమైన గాలి ఉండే రోజులే తక్కువ. ఎదురుగా ఏముంది అన్నదే ముఖ్యం.

గంటల లెక్క

ఇది కాగితం మీద వేసుకోవాల్సిందే. పది గంటల టూర్ అనుకుందాం. అందరినీ ఎక్కించుకోవడానికీ దింపడానికీ గంట, డ్రైవింగ్ ఆరు గంటలు, భోజనానికి గంట. మిగిలింది రెండు గంటలు. పేజీలో ఆరు వ్యూ పాయింట్లని రాస్తే ఒక్కోదానికి 20 నిమిషాలు, అందులో పార్కింగ్ నుంచి నడక, టాయిలెట్ క్యూ పోతే రెయిలింగ్ దగ్గర నిలబడేది ఎంత? అదే రెండు గంటల్లో మూడు పాయింట్లు చూపించే టూరే నా దృష్టిలో మంచి టూర్. "10 వ్యూ పాయింట్లు" అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే వాటిలో బండి ఆగేవి ఎన్ని, కిటికీలోంచి చూపించి దాటేసేవి ఎన్ని అని రాసి అడగండి.

ఘాట్ రోడ్డు, ఎత్తు

హెయిర్‌పిన్ మలుపులు ఉన్న రోడ్డంటే రెండు సమస్యలు: నడిపేవాడికి అలసట, వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పడం. వెనక చక్రాలకి అవతల ఉండే ఆఖరి వరుసలో ఊపు ఎక్కువ, ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూస్తుంటే చాలావరకు తట్టుకోవచ్చు. దిగేటప్పుడు డ్రైవర్ అదేపనిగా బ్రేకు మీద కాలు పెడితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది, తక్కువ గేరులో ఇంజిన్ పట్టు మీద దిగాలి. ఘాట్ రోడ్డు అలవాటు లేనివాళ్లు సొంతంగా నడపాలా వద్దా అన్నది ఆలోచించేటప్పుడు ఎక్కడం గురించి కాకుండా ఈ దిగడం గురించే ఆలోచించాలి.

ఎత్తు విషయానికొస్తే, ప్రతి 1000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద 28 డిగ్రీలుంటే 3000 మీటర్ల మీద ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో 70 శాతమే. 2500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, ఆయాసం వస్తాయి. పైన రాత్రి పడుకోకుండా అదే రోజు దిగిపోతాం కాబట్టి ఎక్కువమందికి పెద్ద ఇబ్బంది ఉండదు, కానీ గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లూ గర్భిణులూ ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. సముద్రం, కొండ రెండూ ఉన్న చోటికి వెళ్లేవాళ్లకి ఇంకో మాట: స్కూబా డైవింగ్ చేసిన రోజే ఎత్తైన కొండ ఎక్కకూడదు. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి 18 నుంచి 24 గంటలు ఆగమంటారు కదా, కారులో ఎత్తుకి వెళ్లడమైనా శరీరానికి అదే లెక్క. అందుకే కొండ ముందు, డైవింగ్ తర్వాత పెట్టుకోండి.

ఒక్క చూపులో

| | ఆగే సమయం ఎవరి చేతిలో | వరుస మార్చే వీలు | ధర ఎలా పడుతుంది | ఎవరికి కుదరదు |
|---|---|---|---|---|
| చిన్న గ్రూపు గైడెడ్ టూర్ | గైడ్ చేతిలో, అడిగితే కొంత వింటారు | చాలావరకు ఉంటుంది | సీటుకి ఇంత | ఒక్కచోటే గంటలు గడపాలనుకునేవాళ్లకి |
| పెద్ద బస్సు టూర్ | షెడ్యూల్ చేతిలో | దాదాపు ఉండదు | సీటుకి ఇంత, టూర్లన్నిటిలో తక్కువ | నెమ్మదిగా చూడాలనుకునేవాళ్లకి |
| డ్రైవర్‌తో ప్రైవేట్ కారు | మీ చేతిలో | పూర్తిగా | బండికి ఇంత | ఒంటరిగా వెళ్లేవాళ్ల జేబుకి |
| అద్దె కారు, సొంత డ్రైవింగ్ | మీ చేతిలో | పూర్తిగా | బండి, ఇంధనం, పార్కింగ్ | ఘాట్ రోడ్డు అలవాటు లేనివాళ్లకి |
| పబ్లిక్ బస్సు, కేబుల్ కార్ | ఆఖరి బస్సు టైం దాకా మీదే | ఒకటి రెండు పాయింట్లే | టికెట్ | విడివిడిగా చాలా చోట్లు చూడాలనుకునేవాళ్లకి |

చిన్న గ్రూపు టూర్

ఎనిమిది నుంచి పదిహేను మంది, ఒక వ్యాన్, ఒక గైడ్. దీని అసలు బలం గైడ్ చెప్పే కథల్లో లేదు, ఆ మనిషికి ఆ కొండ రోజూ చూసే కొండ కావడంలో ఉంది. ఈ రోజు గాలి ఇటు వీస్తోంది కాబట్టి పెద్ద పాయింట్ మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది, ముందు కింది పాయింట్‌కి పోదాం అని చెప్పగలిగే మనిషి, చెప్పి బండి తిప్పించగలిగే మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. పదిమందే కాబట్టి దిగడం ఎక్కడం రెండు మూడు నిమిషాల పని. పెద్ద బస్సులకి చోటు లేని మలుపు పాయింట్ల దగ్గర కూడా వ్యాన్ ఆగగలదు. కొన్ని రోడ్ల మీదకి పెద్ద బండ్లని అసలు రానివ్వరు. అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్కులోని గోయింగ్ టు ది సన్ రోడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. కొండ ఎక్కే భాగంలో 21 అడుగులకి మించి పొడవున్న ప్రైవేటు వాహనాలకి ప్రవేశం లేదు, 2026 మీటర్ల ఎత్తులోని లోగన్ కనుమ దగ్గర పార్కింగ్ సీజన్‌లో పొద్దున్నే నిండిపోతుంది, 1930ల నాటి ఎర్ర బస్సులు మాత్రం పదిహేడేసి మంది ప్రయాణికులతో ఇప్పటికీ అదే దారిలో గైడెడ్ టూర్లు తిప్పుతున్నాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. తోటివాళ్లు ఎలాంటివాళ్లో బండి ఎక్కేదాకా తెలియదు, ప్రతి స్టాప్‌లో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఒక జంట ఉంటే చివరి పాయింట్ కోత పడుతుంది. పికప్‌లో మీది మొదటి చోటైతే మిగతావాళ్ల కోసం ఊరంతా తిరగాలి. డ్రైవరే గైడ్ అయితే మలుపుల్లో మైకులో మాట్లాడుతూ నడుపుతుంటారు, ఇది నాకు నచ్చదు, ఇద్దరు వేర్వేరుగా ఉన్న టూర్‌కి కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. "చిన్న గ్రూపు" అన్న మాటకి కూడా అందరూ ఒకే అర్థం చెప్పరు, ఒకరికి అది ఎనిమిది, ఇంకొకరికి ఇరవై ఐదు. గరిష్ఠం ఎంతమందో అంకె రాసి ఉన్న పేజీనే నమ్మండి.

పెద్ద బస్సు

చవక, సీటు పెద్దది, టాయిలెట్ కూడా ఉండొచ్చు. కానీ 45 మంది ఒకటి రెండు తలుపుల్లోంచి దిగాలి. మనిషికి పది సెకన్లు వేసుకున్నా ఒక్క తలుపుంటే ఏడెనిమిది నిమిషాలు, మళ్లీ ఎక్కడానికి అంతే, దాంతో అరగంట స్టాప్‌లో సగం మెట్ల మీదే పోతుంది. పేరున్న ఒకే పెద్ద పాయింట్, వెడల్పైన రోడ్డు, గంటన్నరో రెండు గంటలో ఆగుతారు అంటే మాత్రం పెద్ద బస్సుకి వంక పెట్టను. ఒకచోట ఎక్కువసేపు ఆగే ట్రిప్‌కి గ్రూపు సైజు పెద్దగా అడ్డు రాదు.

డ్రైవర్‌తో ప్రైవేట్ కారు

ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయండి. ప్రైవేట్ బండి మొత్తం ధరని చిన్న గ్రూపు సీటు ధరతో భాగించండి. నాలుగు వచ్చిందనుకోండి, మీరు నలుగురైతే ఇక చిన్న గ్రూపు టూర్ తీసుకోవడానికి గైడ్ తప్ప వేరే కారణం లేదు, ముగ్గురైనా ఒక సీటు ధర అదనంగా పెట్టి రోజంతా మీ చేతిలో పెట్టుకోవచ్చు. ఒక్కరే అయితే నాలుగింతలు, ఇద్దరైతే రెండింతలు, అప్పుడు చిన్న గ్రూపే మేలు. అయితే డ్రైవర్ గైడ్ కాడు. దారి తెలుస్తుంది, కానీ ఏ పాయింట్ ఏ టైంకి బాగుంటుందో, ఎదురుగా ఉన్న శిఖరం పేరేంటో తెలియకపోవచ్చు, కొందరు త్వరగా ముగించే తొందరలో ఉంటారు. ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, ఎదురుచూసే సమయానికి అదనంగా తీసుకుంటారా అన్నవి బయల్దేరేముందే మెసేజ్‌లో రాయించుకోండి.

సొంత డ్రైవింగ్

స్వేచ్ఛలో దీన్ని మించింది లేదు. సూర్యోదయానికి గంట ముందే చేరి, అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చోవచ్చు. దానికి మూల్యం చెల్లించేది నడిపేవాళ్లు, దారంతా వాళ్ల కళ్లు రోడ్డు మీదే, దృశ్యం పక్కనున్నవాళ్లకి. ఇద్దరు మార్చుకుంటూ నడిపితే ఆ బాధ సగమవుతుంది. అద్దె ఒప్పందంలో మట్టి రోడ్ల మీదకి తీసుకెళ్లొద్దని చాలాచోట్ల రాసి ఉంటుంది, అక్కడ ఏమైనా జరిగితే బీమా వర్తించకపోవచ్చు, చదివి సంతకం పెట్టండి. రిజర్వేషన్ నియమాలు కూడా చూసుకోవాలి. హవాయిలో 3055 మీటర్ల హలేయకలా శిఖరం మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడు నుంచి ఏడు గంటల మధ్య పార్కులోకి వెళ్లే సొంత కార్లకి ముందస్తు రిజర్వేషన్ ఉండాలి, 2017 నుంచీ ఇదే నియమం. అర్ధరాత్రి దాటాక లేచి చీకట్లో తెలియని ఘాట్ ఎక్కాల్సిన ఇలాంటి చోట్ల నేను టూర్ వ్యాన్ వైపే మొగ్గుతాను.

పబ్లిక్ బస్సు, కేబుల్ కార్

ఒక్క పాయింటే చూస్తే చాలనుకుంటే వీటి గురించి ముందు ఆలోచించండి. టూర్ కంపెనీ అమ్మేది కొన్నిసార్లు అదే కేబుల్ కార్ టికెట్, పైన కొంత వేసి. కేబుల్ కార్‌తో చిక్కేమిటంటే గాలి. దక్షిణాఫ్రికాలో టేబుల్ మౌంటెన్ మీది కేబుల్ కార్‌ని బలమైన గాలి వీస్తే ఆపేస్తారు, అలాంటి చోట ఆన్‌లైన్‌లో ఆ రోజు నడుస్తోందో లేదో చూశాకే బయల్దేరాలి. ఎత్తు కూడా చాలా వేగంగా పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో షామొనీ నుంచి కేబుల్ కార్‌లో సుమారు 20 నిమిషాల్లో 3842 మీటర్ల ఎగ్వీ దు మిదీకి చేరిపోతారు, అంటే దాదాపు 2800 మీటర్లు ఒక్కసారిగా. పైన దిగగానే మెట్లు పరిగెత్తి ఎక్కకుండా కాసేపు కూర్చోండి.

మీరు ఎలాంటివాళ్లు?

ఒంటరిగా వెళ్తున్నారా, ఇంకేం ఆలోచించకండి, చిన్న గ్రూపు. సీటు ధర ఒక్కటే కడతారు, ఫొటో తీసేవాళ్లుంటారు, దారి తప్పుతామన్న టెన్షన్ ఉండదు.

అమ్మానాన్నలతో వెళ్తుంటే ముందు తెలుసుకోవాల్సింది పార్కింగ్ నుంచి పాయింట్ దాకా ఎంత నడక, ఎన్ని మెట్లు అన్నది. గ్రూపులో పెద్దవాళ్లు వెనకబడితే మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారన్న మొహమాటంతో గబగబా నడుస్తారు, అది మంచిది కాదు. ప్రైవేట్ కారు ఖర్చు పెట్టదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఇదే. చిన్నపిల్లలున్నా దాదాపు ఇదే సలహా, చైల్డ్ సీటు దొరుకుతుందో లేదో కూడా అడగాలి, చిన్న గ్రూపు టూర్లు చాలావరకు ఫలానా వయసు దాటినవాళ్లనే తీసుకుంటాయి.

ఫొటోలే మీ ట్రిప్ అయితే మామూలు చిన్న గ్రూపులో ఇబ్బంది పడతారు. సూర్యోదయం, సూర్యాస్తమయం దగ్గరి వెలుగు కావాలి మీకు, పగటి టూర్లు ఎక్కువగా తొమ్మిది నుంచి ఐదు మధ్యలో నడుస్తాయి. ఫొటోగ్రఫీ కోసమే నడిపే టూర్ దొరికితే సరే, లేదంటే సొంత కారు.

మలుపుల్లో వాంతులయ్యేవాళ్లు బుక్ చేసేటప్పుడే ముందు సీటు కావాలని రాయండి, ఒప్పుకోని టూర్‌ని వదిలేయండి. మాత్ర వేసుకునేది బయల్దేరేముందు, తిప్పడం మొదలయ్యాక కాదు. వాటిలో చాలావాటికి నిద్రొస్తుంది కాబట్టి నడిపేవాళ్లు వేసుకోకూడదు.

ఇద్దరు స్నేహితులో, ఇద్దరు దంపతులో అయి, ఇద్దరికీ ఘాట్ రోడ్డు మీద నడపడం అలవాటైతే సొంత కారు. ఒక్కరికే అలవాటైతే నా సలహా చిన్న గ్రూపే, ఎందుకంటే ఇద్దరూ చూడాలని కదా వెళ్తున్నది.

డబ్బు కట్టేముందు

టూర్ కంపెనీకి ఒక మెసేజ్ పెట్టి ఇవన్నీ ఒకేసారి అడిగేయండి: గరిష్ఠం ఎంతమంది, కనీసం ఎంతమంది కుదరకపోతే టూర్ రద్దు చేస్తారు, ఆ సంగతి ఎన్ని గంటల ముందు చెప్తారు, పార్కు ప్రవేశ రుసుము ధరలో కలిసే ఉందా, గైడ్ ఏ భాషలో మాట్లాడతారు, ఎక్కడ ఎంతసేపు ఆగుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది మబ్బు గురించి. చాలా కంపెనీలు రోడ్డు మూసేస్తేనే డబ్బు వెనక్కిస్తాయి, రోడ్డు తెరిచే ఉండి పైన ఏమీ కనపడకపోతే టూర్ జరిగినట్టే లెక్క. ఆ పరిస్థితిలో వేరే రోజుకి మారుస్తారా, లేక మబ్బు కింద ఉన్న వేరే చోట్లకి తీసుకెళ్తారా అని అడగండి. సమాధానం ఎంత వివరంగా వచ్చిందన్నది కూడా గమనించండి, "అప్పుడు కింది జలపాతం వైపు వెళ్తాం, అక్కడ మబ్బులోనూ బాగుంటుంది" అని రాసేవాళ్లకి ఆ కొండ తెలుసు.

రివ్యూలు చదివేటప్పుడు మొత్తం రేటింగ్ పక్కన పెట్టి, మీరు వెళ్లే నెలలో రాసినవి మాత్రం వెతికి చదవండి. పొడి నెలల్లో అందరూ మెచ్చుకున్న టూరే తడి నెలల్లో తెల్లటి గోడ చూపించి ఉండొచ్చు. "గైడ్ ఇంకో పది నిమిషాలు ఆగుదాం అన్నారు" అన్న వాక్యం కనిపిస్తే నేను వెంటనే ఆ టూర్‌ని జాబితాలో పైకి తెస్తాను. "తొందరపెట్టారు" అన్న మాట రెండు మూడుసార్లు కనిపిస్తే తీసేస్తాను.

ఏది ఎంచుకున్నా సెలవుల్లో దాన్ని ఆఖరి రోజుకి పెట్టుకోకండి. చేరిన మర్నాడో ఆ తర్వాతి రోజో పెట్టుకుంటే, మబ్బు పట్టి వాయిదా పడినా ఇంకో రోజుకి మార్చుకునే చోటు మిగులుతుంది.